నాలుగో లేను నూనె

నూనె బాబాయి బౌలింగ్ హాలులో మూడో లేను మీద, అంటే బంతి దొర్లే చెక్క బాట మీద, మోకాళ్లు ఆన్చి గుడ్డతో చెక్క తుడుస్తున్నాడు. ఆ హాలు తలుపులు తీసేలోగా ఎనిమిది లేన్లకూ నూనె పట్టించడం ఇరవై ఆరేళ్లుగా అతని పని. నూనె ఉన్నంతమేరా బంతి జారుతుంది. పొడి చెక్క తగలగానే పట్టు దొరికి ఎడమకి ఒంపు తిరుగుతుంది. లేను చివర నిలబెట్టిన పది పిన్నులు పడేదీ పడనిదీ ఆ ఒంపులోనే ఉంది. విసురు తగ్గితే బంతి ముందే తిరిగి గురి తప్పుతుంది.

ఏడు లేన్లలో నూనె ఒకే గీత దగ్గర ఆగుతుంది. నాలుగోదాంట్లో మాత్రం ఆ గీత దాటి మూడు జానల దూరం పోతుంది. "ఆ లేను ఒట్టి మొండిది" అని ఆడేవాళ్లు తిట్టుకుంటారు. బాబాయి చెవిన పెట్టడు.

అది భార్య కోసం పట్టించిన నూనె. ఆవిడ అక్కడే టికెట్లు ఇచ్చేది. రోజూ పని మొదలయ్యే ముందు నాలుగో లేనులో ఒక్క బంతి వేసేది. చివరి ఏడాది విసురు సన్నగిల్లింది. బంతి పెందలాడే తిరిగిపోవడం, ఆవిడ మొహం చిన్నబుచ్చుకోవడం చూడలేక అతను ఒకరోజు నూనె జానెడు పొడిగించాడు. పిన్నులన్నీ పడ్డాయి. కొన్నాళ్లకు ఇంకో జానెడు.

"చూశావా, నా చెయ్యి ఇంకా పోలేదు. డాక్టరూ వద్దు, గీక్టరూ వద్దు," అంది ఆవిడ.

మూడో జానెడు పట్టించిన వారానికి ఆవిడ మంచం పట్టింది.

ఆవిడ పోయి నేటికి మూడేళ్లు. ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకుండా తన నూనే అడ్డుపడిందన్న మాట గొంతులో పచ్చివెలక్కాయలా ఉండిపోయింది. ఒక్కో పొద్దున ఖాళీ హాలులో నాలుగో లేను మీద బంతి దొర్లిన చప్పుడు అవుతుంది. అతను వెనక్కి తిరగడు. ఆవిడ ఉండదని భయం, ఉంటుందేమోనని అంతకంటే భయం.

ఈరోజు ఆవిడ నీలం బంతి చేతికి తీసుకున్నాడు. నాలుగో లేనులో విసిరాడు. పదీ పడ్డాయి. "ముసలాడంటారు గానీ," అని మురిసిపోయి, అదే విసురు మూడో లేనులో వేశాడు. బంతి సగం దారిలో తిరిగి పక్క కాలవలో పడింది. కాళ్లు కుడికి జరిపాడు, మణికట్టు బిగించాడు, బొటనవేలు ముందుగా వదిలాడు. మళ్లీ కాలవే. పొద్దుటి నుంచి భుజం లాగుతుంటే బకెట్టు మోసినందుకు కాబోలనుకున్నాడు. ఇప్పుడు భయం వేసింది.

కౌంటరు దగ్గర ఆడేవాళ్ల బూట్లు సర్దుతున్న కూతుర్ని పిలిచాడు.

"మీ అమ్మని నేనే చంపుకున్నాను తల్లీ. చెయ్యి బాగుందని నమ్మించింది నా నూనె."

కూతురు అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి పక్కన కూర్చుంది.

"అమ్మకి తెలుసు నాన్నా. రెండో జానెడప్పుడే మూడో లేనులో వేసి చూసుకుంది. మూడు బంతులూ కాలవలోకే పోయాయి. మర్నాడే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అప్పటికే చెయ్యి దాటిపోయిందన్నారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"'మోకాళ్లరిగేలా నాకోసం పట్టిస్తున్నాడు, నమ్మానని అనుకోనీ' అంది అమ్మ. నాతో ఒట్టేయించుకుంది."

అతను నూనె గుడ్డ ఒళ్లోకి తీసుకుని మడతపెట్టాడు.

"దొంగది," అన్నాడు చివరికి, కళ్లు తుడుచుకుంటూ. "కాసిని నీళ్లు తే అమ్మా. చెయ్యి లాగుతోంది."

"తాగి నేరుగా డాక్టరు దగ్గరికే. నువ్వూ దాచకు."

"దాచను."

కూతురు గ్లాసు నింపుతుంటే నాలుగో లేను మీద బంతి దొర్లిన చప్పుడు, పిన్నులు పడిన చప్పుడు వినిపించాయి. కూర్చోమంటే వినడు కదా అని విసుక్కుంటూ వచ్చింది. నాన్న బల్ల మీదే ఉన్నాడు. తల గోడకి ఆనింది, నూనె గుడ్డ రెండు చేతుల్లోనూ ఒళ్లో ఉంది. పిలిచింది. భుజం పట్టి కుదిపింది. గ్లాసు జారి పడింది.

నాలుగో లేను కింద, వేసిన బంతిని వెనక్కి తెచ్చే గొట్టంలోంచి నీలం బంతి గడగడమంటూ వచ్చి స్టాండు మీద ఆగింది, ఒంటి నిండా తడి నూనెతో.