ముద్ర పడని ఆరు కార్డులు

కొండను తవ్వితే ఎలుకైనా దొరుకుతుందంటారు. ముదస్సిర్ తవ్వింది కొండను కాదు, తాత ఖైరుద్దీన్ రేకు పెట్టెను. అందులో దొరికింది ఎలుక అయితే బాగుండేది పాపం!

ముదస్సిర్ నాగర్‌కర్నూల్ జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతాడు. యుద్ధకాలంలో సిపాయిలు ఇంటికి రాసుకున్న కార్డులంటే అతనికి పిచ్చి. పదిహేనేళ్లుగా పాత కాగితాల కొట్లు గాలించి మూడు వందల దాకా పోగేశాడు. ఆ కార్డుల మీద ఊరి పేరుండదు. శత్రువుకు తెలియకూడదని ముద్రలో ఒక అంకె మాత్రమే వేసేవాళ్లు. ఆ అంకె పట్టుకుని, పాత జాబితాలు వెతికి, ఇది ఫలానా పటాలం, ఫలానా అడవిలో ఉన్నప్పుడు రాసిన కార్డు అని తేల్చడం అతని సరదా. భార్య మజీదాకు ఆ సరదా మొదటినుంచీ గిట్టదు. "సచ్చినోళ్ల ఉత్తరాలు ఇంట్ల కుప్ప పోసుకుంటే మంచిగుంటదా? ఎప్పుడో ఒకనాడు వాళ్లే వచ్చి అడుగుతరు" అనేది. అతను నవ్వేసేవాడు.

ఇప్పుడు ఆ పెట్టె తెరవడానికి ఒక కారణం ఉంది. పట్టణంలో మాజీ సైనికులు రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ల పేర్లతో ఒక శిల నిలబెడుతున్నారు. అన్నిటికన్నా పైన జమాదార్ ఖైరుద్దీన్ పేరు; జమాదార్ అంటే ఆ రోజుల్లో సిపాయిల మీద చిన్న అధికారి. శుక్రవారం పొద్దున పదింటికి దాని తెర తీసేది ముదస్సిర్ తండ్రి అమానుల్లా. ఆయనకు ఎనభై నిండాయి, గుండెకు మందులు మింగుతున్నాడు. "మా అబ్బా జమాదార్" అని చెప్పుకోవడం తప్ప ఆయన జీవితంలో గొప్పలు పోయింది లేదు. కమిటీవాళ్లు అడిగింది ఒక్కటే, పటాలం పేరు సరిగ్గా రాసివ్వమని. ఆ పని కొడుకుది కాక మరెవరిది?

పెట్టె అడుగున, తాత కోటు కింద, ఆరు కార్డులు దొరికాయి. ఆరూ మన పాలమూరు పల్లెలకు రాసినవే. ఏ ఒక్కదాని మీదా తపాలా ముద్ర లేదు. అంటే అవి డబ్బాలో పడనే లేదు. కొన్ని తెలుగు వాక్యాల కింద ఎర్ర పెన్సిల్ గీత ఉంది, పక్కన ఇంగ్లీషులో తాత చేతిరాత. తాత మొదట పటాలంలో గుమాస్తా కదా, తెలుగు రాని దొరకు సిపాయిల ఉత్తరాలు చదివి చెప్పేవాడు, అది మామూలేననుకుని ఆ వాక్యాలు నిదానించి చదవలేదు ముదస్సిర్. చనిపోయిన దోస్తుల గుర్తుగా దాచుకున్నాడేమోనని కళ్లు కూడా చెమర్చాయి.

ఆ సంబరంలోనే తొందరపడ్డాడు. ఒక కార్డు ధరూర్ దగ్గరి పల్లెకు, తిమ్మప్ప అనే సిపాయి తన పెళ్లాం హన్మమ్మకు రాసింది. ఆ ఊరి విద్యార్థిని పట్టుకుని వాకబు చేస్తే, తిమ్మప్ప కూతురు బాలనాగమ్మ ఇంకా బతికే ఉందని తెలిసింది. ఆమె మనవడు నాగేశ్‌కు ఫోను చేసి, "మీ ముత్తాత కార్డు నా దగ్గరుంది, తెచ్చి చూపిస్త" అని మాటిచ్చేశాడు.

రెండు రోజుల తర్వాత, పటాలం పేరు కోసం అతను అడిగిన పటాలం దినచర్య, అంటే రోజువారీ రాతల పుస్తకం నకలు ఢిల్లీ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చింది. బర్మా సరిహద్దులో రోడ్లు వేసిన కూలీ పటాలం అది. ఒక తేదీ కింద నాలుగు ముక్కలు రాసి ఉన్నాయి. ఆరుగురు పనికి ఎదురు తిరగబోతున్నట్టు గుమాస్తా ఖైరుద్దీన్ వాళ్ల ఉత్తరాలు చూపి ముందే తెలిపాడు. ఆరుగురినీ మందుపాతరల దారి తవ్వడానికి ముందుకు పంపాం. ఎవరూ తిరిగి రాలేదు. ఖైరుద్దీన్‌ను జమాదారుగా పెంచాం.

ముదస్సిర్ కార్డులు మళ్లీ తీశాడు. గీతలు గీసిన వాక్యాలన్నీ ఒకటే చెబుతున్నాయి: కడుపుకు బువ్వ చాలడం లేదు, బువ్వ పెట్టేదాకా పారలు కింద పెట్టి కూర్చుంటాం. అంతే. ఆ మాటల పక్కన తాత ఇంగ్లీషులో రాసింది ఒకే ఒక్క మాట, తిరుగుబాటు. ఛీ, ఇంత చేసి మనిషి ఎట్లా నిద్రపోయాడు? పైగా ఆ తాత ఒళ్లోనే తను అక్షరాలు దిద్దుకున్నాడు. ఆ రోజంతా ముదస్సిర్‌కు ముద్ద దిగలేదు.

నాగేశ్ మాత్రం రోజుకు రెండుసార్లు ఫోను. "సార్, ఎప్పుడొస్తరు? అవ్వ గడపల్నే కూసుంటుంది." ఇంకోపక్క అమానుల్లా, "బేటా, అక్షరాలు బంగారు రంగు ఏపిస్తుండ్రంట!" అని మురిసిపోతున్నాడు. ముదస్సిర్‌ది ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. చివరికి ఒక ఉపాయం ఆలోచించుకున్నాడు. వెళ్లాలి. కార్డులో ఎర్రగీత ఉన్న వాక్యాలు మార్చి చదవాలి. కార్డు సర్కారుకు అప్పజెప్పాలని చెప్పి వెనక్కి తెచ్చేసుకోవాలి. ధరూర్ పల్లెలో ఎనభై దాటిన ముసలమ్మ, వేలిముద్ర మనిషే కదా! శుక్రవారం గడిచిపోతే చాలు.

బుధవారం వనపర్తిలో బస్సు మారాడు. బీచుపల్లి వంతెన మీదికి రాగానే అందరూ కిటికీల్లోంచి అంజన్నకు దండం పెట్టుకున్నారు. కింద కృష్ణ ఎర్రగా, నిండుగా పోతోంది. పక్కనున్న ముసలాయన, "నిన్న గీడ్నే ఒకడు గల్లంతయిండు, శవం గూడ దొర్కలే" అన్నాడు. ముదస్సిర్ జేబులో కార్డును చేత్తో అదిమి పట్టుకున్నాడు. గద్వాల దాటాక షేర్ ఆటోలో, తడిసిన పత్తి చేన్ల మధ్య నుంచి పోతుంటే దారి ఎంతకీ తెగలేదు. ఆటో చెడిపోతే బాగుండుననుకున్నాడు. అది కూడా చెడిపోలేదు.

బాలనాగమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. మనిషి సన్నగా, నిటారుగా ఉంది. నాగేశ్ కుర్చీ వేశాడు, చాయ్ తెచ్చాడు. ముదస్సిర్ తానెవరో చెప్పుకోవాల్సి వచ్చింది. ఖైరుద్దీన్ మనవణ్నని, శుక్రవారం నాగర్‌కర్నూల్‌లో శిల తెర తీస్తున్నారని చెప్పాడు. తాత పేరు విన్నా ఆమె ముఖం మారలేదు. "సదువు బిడ్డా" అంది.

అతను కార్డు ఎత్తి చదివాడు. "హన్మికి నీ పెనిమిటి తిమ్మప్ప రాసేది. నేను బాగున్న. ఈడ వానలు ఇడుస్తలేవు. బువ్వ కడుపు నిండ పెడుతుండ్రు. దొర మంచోడు. నాగమ్మను జర పైలంగ చూసుకో."

నాగేశ్ కళ్లు తుడుచుకున్నాడు. ముసలమ్మ మాత్రం చూపు తిప్పలేదు. "ఇంకోపారి సదువు" అంది.

మళ్లీ చదివాడు. వానలదాకా గొంతు బాగానే సాగింది. ఆ తర్వాత, "తిండికి ఏం కరువు లేదు, పండుగకు పాయసం గూడ పెట్టిండ్రు" అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అన్నాక గానీ తెలియలేదు, మొదటిసారి పాయసం లేదని.

"మీ తాత గూడ గింతే" అంది బాలనాగమ్మ.

"ఏంది అవ్వా?"

"యుద్ధం అయినంక పుట్టి మీద కిష్ణ దాటొచ్చిండు. నువ్వు కూసున్న తాననే కూసున్నడు. నాకు ఆరేండ్లు. మా అమ్మకు ఒక కాగితం సదివిండు, మా నాయిన జరమొచ్చి పాయెనని. మా అమ్మ ఇంకోపారి సదువుమంటే, ఈపారి పాము కరిచెనని సదివిండు. కాగితం ఇయ్యమంటే సర్కార్‌కు అప్పజెప్పాలెనన్నడు. మా అమ్మ కండ్లు మూసేదాక గదే చెప్పింది, సదువు రాక మోసపోయినమే నాగీ అని. అందుకే నలభై ఏండ్ల మీద నేను రాత్రి బడికి పోయిన. ఊరంత నవ్విండ్రు. నవ్వనీ." చెయ్యి చాపింది. "ఇటియ్యి. నాకు సదువొస్తది."

కార్డు పట్టుకున్న ముదస్సిర్ వేళ్లు వదలమంటే వదలడం లేదు. సర్కారు సాకు నాలుక చివరిదాకా వచ్చింది, కానీ ఇప్పుడది ఏ ముఖంతో చెబుతాడు? కార్డు ఆమె చేతిలో పెట్టేశాడు.

ఆమె ఒక్కో అక్షరం మీద వేలు ఆనిస్తూ, బడిపిల్లలా కూడబలుక్కుంటూ పైకి చదివింది. "బువ్వ... సగం కడుపుకే. జరంతోని ఇద్దరు పాయిరి. ఎల్లుండి మేము ఆరుగురం పారలు కింద పెట్టి కూసుంటం. బువ్వ పెడితేనే లేస్తం. నువ్వు పరేషాన్ గాకు." అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. "మా కార్డులు ఖైరుద్దీన్ సాబు చేతుల పెడుతున్నం. ఆయన మన దిక్కోడు, మనోడు. ఆయన ఉన్నంక మాకేం బయం లేదు."

నాగేశ్ లేచి నిలబడ్డాడు. "అంటే ఏంది సార్? ఈ ఎర్రగీత ఎవరు గీసిండ్రు? ఈ ఇంగ్లీషేంది?"

"నువ్వు కూసో" అంది ముసలమ్మ. ముదస్సిర్ వైపు తిరిగింది. గొంతు హెచ్చించలేదు. "మనోడని నమ్మి ఇచ్చిండు గదా. ఎనభై ఏండ్లు ఇది మీ ఇంట్ల ఏం చేసింది బిడ్డా?"

అతను చెప్పాడు. తల వంచుకుని, గీతలు ఎవరు గీశారో, దినచర్యలో ఏం రాసి ఉందో, ఆరుగురినీ ఎక్కడికి పంపారో, తాతకు జమాదార్ పదవి ఎట్లా వచ్చిందో, అంతా చెప్పాడు. చెబుతుండగా జేబులో ఫోను మోగింది. తండ్రి. మోగి మోగి ఆగిపోయింది.

బాలనాగమ్మ ఏడవలేదు. కార్డును మడవకుండా రవికలో పెట్టుకుంది. "తక్కిన అయిదు నీ తాననే ఉన్నయా?"

"ఉన్నయి అవ్వా."

"అవి గూడ తే. శుక్రారం గా రాయి కాడికి నేనొస్త. మీ నాయిన తెర తీసినంక ఆరు కార్డులూ నేనే సదువుత. అందరూ ఇనాలె."

"అవ్వా, మా అబ్బాకు గుండె బాగలేదు. ఆయనకు ఏం తెల్వదు. ఆయన తట్టుకోలేడు."

"మా అమ్మకు గూడ ఏం తెల్వకుండె" అందామె. అరుగు మీంచి మెల్లగా దిగి, చెయ్యి గోడకానించి నిలబడింది. "ఎన్ని గంటలకు పెట్టిండ్రు?"

పన్నెండని చెబితే చాలు. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయి, కుర్చీలు కూడా ఎత్తేసి ఉంటారు. ముదస్సిర్ ఆమె ముఖంలోకి చూశాడు.

"పది గంటలకు అవ్వా" అన్నాడు.