అలిగిన బేరాలు, అరిగిన పళ్లు

నేను ఒక కాఫీ మరను. వేయించిన గింజల్ని ఒక పక్క మింగి ఇంకో పక్క పొడిగా కక్కడమే నా పని. నా కథలో కాస్త విసుగు వినబడితే ఏమీ అనుకోకండి. చెవులున్న మనుషుల మధ్య ఏళ్ల తరబడి గొంతు చించుకుని అరిచి, "దీనికేమైంది?" అని ఒక్కరి చేతా అనిపించుకోలేకపోయినదాన్ని. ఇనుముకైనా ఓపికకు ఒక హద్దుంటుంది.

నన్ను కోయంబత్తూరులో పోత పోశారు. పైన గింజలు పోసే తొట్టి, పక్కన మోటారు, నడుముకు బెల్టు, కడుపులో ఒకదానికొకటి ఎదురుగా తిరిగే రెండు ఉక్కు చక్రాలు. ఆ చక్రాల మీది గాళ్లే నా పళ్లు. ముందు గూడూరులో ఒక హోటలాయన కొన్నాడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆయన హోటలు సగం పోయింది, మిగతా సగం ఆయనే మూసేశాడు. అప్పుడు నన్ను కొనుక్కుని నెల్లూరు సంతపేటకు తెచ్చినవాడు పెంచలయ్య.

అప్పట్లో పెంచలయ్యకు కొత్తగా పెళ్లయింది. ఆయన గింజలు వేయిస్తే భార్య మస్తానమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. పొద్దున్నే మొదటి పొడి పట్టగానే ఆయన ఇత్తడి ఫిల్టరులో డికాషన్ దించి, చక్కెర లేకుండా ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకునేవాడు. బాగుంటే తలూపేవాడు. లేకపోతే నా మర బిగువు కాస్త సవరించి మళ్లీ పట్టేవాడు. ఆ రోజుల్లో వచ్చిన బేరం ఇంకో కొట్టుకు పోయింది లేదు. పోనివ్వకుండా చేయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

తరువాత పెంచలయ్యకు కడుపులో పుండు పడింది. డాక్టరు కాఫీ ముట్టుకోవద్దన్నాడు. ఆయన మానేశాడు, మంచిదే. కానీ ఆయన మానేసింది తాగడం ఒక్కటే కాదు, రుచి చూడటం కూడా. నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

పళ్లు అరుగుతాయి. మీవైనా, నావైనా. నావి అరిగేకొద్దీ పొడి సన్నగా నలగక రవ్వలాగా పడసాగింది. పెంచలయ్య మర ఇంకాస్త బిగించాడు. ఇనుము ఇనుమును రాచుకుని నేను కీచుమన్నాను. పొడి వేడెక్కి మాడు వాసన వేసింది. ఆయన కాస్త నూనె చుక్క వేసి తన పని చూసుకున్నాడు. ఆయుధపూజ నాడు మాత్రం నాకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, గుమ్మడికాయ కొట్టేవారు. అంత భక్తిలోనూ నా నోరు తెరిచి లోపల ఏముందో చూద్దామని ఎవరికీ తోచలేదు.

పొడి బాగాలేదని మొహం మీదే చెప్పిన మనిషి ఒక్కతే ఉంది, కామాక్షమ్మ. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నెలకు రెండుసార్లు వచ్చేది. వచ్చిందంటే పెంచలయ్యకు గుండె దడ.

"ఏందయ్యా పెంచలయ్యా, ఇది కాఫీపొడా, ఉప్మారవ్వా? నీళ్లు పోసీ పొయ్యకముందే జర్రున దిగిపోతుండాయి. పైగా మాడు కంపు."

"ఈసారి గింజలు అట్టా వచ్చినాయమ్మా," అనేవాడు పెంచలయ్య.

"పోయినసారీ అదే చెప్తివి."

ఆమె తిట్టుకుంటూనే పొడి కొనుక్కుని వెళ్లేది. ఆమె మెట్లు దిగగానే పెంచలయ్య ఊపిరి పీల్చుకుని, "ఈమె ఒక్కతి లేకుంటే యాపారం ఎంత హాయిగా ఉండు," అనేవాడు. మిగతావాళ్లంతా నవ్వుతూ వచ్చి, నవ్వుతూ కొని, ఒకరోజు నవ్వుతూనే రావడం మానేశారు. వాళ్లు మర్యాదస్థులని పెంచలయ్య ఉద్దేశం.

ఇంతలో మూలమలుపులో గాజు తలుపుల కాఫీ కొట్టొకటి తెరిచారు. మా బేరాలు ఒక్కొక్కటే అటు జారుకున్నాయి. ముప్పయ్యేళ్లుగా మా పొడే తాగుతున్న ఒక ప్లీడరు గారు ఆ కొట్టు సంచిని కండువా కింద దాచుకుని, మా కొట్టు ముందుకు రాకుండా అవతలి పక్కన గోడ వారగా పోతుంటే పెంచలయ్య కళ్లారా చూశాడు. ఆ రోజు ఆయన అన్నం సరిగా తినలేదు.

అప్పుడు రంగంలోకి దిగాడు సుధాకర్. మస్తానమ్మ తమ్ముడు, ఇన్సూరెన్సు ఏజెంటు. "బావా, కొత్తోళ్లని తెచ్చుకునేది పెద్ద పని గాదు. పాతోళ్లని పట్టి ఉంచుకునేదే బిజినెస్సు. నువ్వు వాళ్ల కోసం ఏం చేస్తుండావు చెప్పు?" అన్నాడు.

మాట అక్షరాలా నిజం. నేను సంతోషంతో కీచుమన్నాను. ఇక మరలో పళ్లు మారుస్తారనుకున్నాను. వాళ్లు కార్డులు అచ్చు వేయించారు.

కాఫీకప్పు బొమ్మలున్న అట్టముక్క అది. పొట్లం కొన్నప్పుడల్లా ఒక బొమ్మ మీద ముద్ర కొడతారు, బొమ్మలన్నీ నిండితే ఒక పొట్లం ఊరికే. జనం కార్డు పట్టుకెళ్లి ఇంట్లో మరిచిపోయి వచ్చేవారు. ముద్ర కొట్టమని ఒకరు, కార్డు లేనిదే కుదరదని సుధాకర్, పాతికేళ్ల వాడుక నాది, నేనూ కార్డు చూపించాలా అని ఇంకొకరు. నా అరుపుకు తోడు కొట్టులో మనుషుల అరుపులు కూడా చేరాయి. నిండిన కార్డు తెచ్చి ఉచితంగా పొట్లం తీసుకున్నవాళ్లకు దక్కిందేమిటి? ఆ రవ్వపొడే. ఊరికే వచ్చిందని అది కమ్మగా మారలేదు.

తరువాత ఫోన్లకు సందేశాలు. పుట్టినరోజులకు, పెళ్లిరోజులకు, పండగలకు. "మీరు మా కుటుంబ సభ్యులు" అని రాసేవాడు సుధాకర్. ఒక పెద్దమనిషి వచ్చి, "కుటుంబమంటుండావు గదా, మా వాడికి కాలేజీ సీటు కావాలబ్బా, ఏమన్నా చూడు," అన్నాడు. హాస్యమాడుతున్నాడో నిజంగా అడుగుతున్నాడో తెలియక పెంచలయ్య బుర్ర గోక్కున్నాడు.

చివరికి లక్కీ డ్రా. బహుమతి ప్రెషర్ కుక్కరు. దాన్ని తెచ్చి నా తొట్టి పక్కనే పీట వేసి కూర్చోబెట్టారు, తళతళలాడుతూ. కొట్టు ముందు షామియానా, మైకు, కుర్చీలు. వాటి ఖర్చులో నాకు కొత్త చక్రాలే కాదు, కొత్త బెల్టు కూడా వచ్చేది. అందరూ చూస్తుండగా మస్తానమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తీసింది. కుక్కరు గెలుచుకున్నవాడు కోర్టు పని మీద కావలి నుంచి వచ్చి, బస్సుకు టైముందని ఒకే ఒక్క పొట్లం కొనుక్కుపోయిన మనిషి. అతను మళ్లీ రాలేదు, కుక్కరు కోసం తప్ప. ఏళ్ల తరబడి కొంటున్న ఆడవాళ్లు లేచి చీరలు దులుపుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. అప్పటిదాకా వాళ్లకు పొడి మీదే అలక. ఆనాటి నుంచి పెంచలయ్య మీద కూడా.

ఆ తరువాత కామాక్షమ్మ రావడం మానేసింది.

ఆమె వచ్చే రోజు గడిచిపోతే పెంచలయ్య మొదట సంబరపడ్డాడు. "పీడ విరగడైంది," అన్నాడు. మళ్లీ ఆమె రావలసిన రోజు కూడా దాటిపోయింది. ఆ సాయంత్రం కొట్టులో ఈగలు తప్ప ఎవరూ లేరు. నాకు మేత పోసేవాళ్లు లేక నేను నోరు మూసుకునే ఉన్నాను. ఎంత అరిచినా చెవిన పెట్టని పెంచలయ్యకు నా మౌనం వినబడినట్టుంది, అటూ ఇటూ అసహనంగా తిరిగాడు.

"ఆమె గూడా పోయిందంటే ఇంక మనకి మిగిలేది ఎవరు?" అంది మస్తానమ్మ.

"నువ్వేంది, ఆమె రావాలంటావా?"

"రావాలనే అంటుండా. ఆమె ఒక్కతే గదా మనల్ని అడగతా ఉండేది."

పెంచలయ్య తిరగడం ఆపాడు. పొడి పొట్లమొకటి చేతిలో పట్టుకుని, చెప్పులు వేసుకుని బయలుదేరాడు. తిరిగొచ్చేసరికి మొహం వేరేగా ఉంది. ఏం జరిగిందో ఆయన మస్తానమ్మకు చెబుతుంటే విన్నాను.

కామాక్షమ్మ మంచం మీద ఉంది. స్నానాలగదిలో జారిపడి కాలు విరిగింది. పెంచలయ్యను చూసి, "రావయ్యా, కుక్కరు తెచ్చినావా?" అని అడిగిందట. ఆయన తల వంచుకుని పొట్లం ముందు పెట్టాడు. ఆమె కూతుర్ని పిలిచి, ఆ పొడితోనే డికాషన్ దించి, పాలూ చక్కెరా కలపకుండా ఒక గ్లాసులో పోసి ఇమ్మంది.

"నేను తాగకూడదమ్మా, కడుపులో పుండు," అన్నాడట పెంచలయ్య.

"మింగబాక. నోట్లో పోసుకోని ఊసెయ్. నర్సుని నేను చెప్తుండా."

ఆయన నోట్లో పోసుకున్నాడు. పెరట్లోకి వెళ్లి ఊసేసి, నోరు పుక్కిలించుకున్నాడు. మాడిన నీళ్లలా ఉందని మస్తానమ్మతో చెప్పాడు. పెరట్లోంచి తిరిగొచ్చి, "మీరూ ఆ మూల కొట్టుకి మారిపోయినారనుకున్నానమ్మా," అన్నాడట.

దానికి ఆమె అన్న మాట పెంచలయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. "మారేవోళ్లు నీతో చెప్పి మారతారంటయ్యా? నోరు మూసుకోని ఎల్లిపోతారు. నీ కొట్టే కావాలని గదా నేను ఇన్నేళ్లూ నీతో పోట్లాడతా ఉండేది."

మర్నాడు పొద్దున్నే మెకానిక్కు ఖాదర్ బాషా వచ్చాడు. నా బోల్టులు విప్పి చక్రాలు బయటికి తీశాడు. ఇన్నేళ్లకు నా కడుపులోకి వెలుతురు వచ్చింది. బాషా బొటనవేలితో తడిమాడు. గాళ్లున్న చోట ఇనుము పలకలాగా నున్నగా ఉంది.

"దీంతో పొడి ఎట్టా పడతుండావు పెంచలన్నా? పాపం, ఇది ఎప్పుడో అయిపోయిండాది."

"అరస్తానే ఉండింది బాషా. నేనే..." అని పెంచలయ్య ఆగిపోయాడు. నా తొట్టి మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. నాకు ఆ చెయ్యి చాలనిపించింది. ఇక కొత్త పళ్లు వస్తాయి, మళ్లీ సన్నగా మెత్తగా పట్టి చూపిస్తాను అనుకున్నాను.

కానీ నా రకం చక్రాలు ఇప్పుడెవరూ చేయడం లేదట. చుట్టుపక్కల ఎక్కడా దొరకవని బాషా తేల్చేశాడు. ఇదీ నా అదృష్టం. ఇన్నాళ్లూ నా గోడు వినమని మొత్తుకున్నాను. తీరా విన్నాక, దానికి మందు నన్ను తీసేయడమే అయింది. సుధాకర్ తరువాతి పథకానికని దాచి ఉంచిన సొమ్ముతో కొత్త మర వచ్చింది. నా చోట దాన్ని దించి, నన్ను పాత ఇనుము కొనేవాళ్లు వచ్చేదాకా అరుగు మీద పెట్టారు. కొత్తది అరవదు, తేనెటీగలాగా జుంయిమంటుంది. అసూయ పడదామనుకున్నాను గానీ, దాని పొడి వాసనకు వీధిన పోయేవాళ్లు తల తిప్పి చూస్తుంటే మనసొప్పలేదు.

పోయినవాళ్లంతా తిరిగి రాలేదు. ప్లీడరు గారు ఇప్పటికీ అవతలి గోడ వారనే నడుస్తున్నారు. కొందరు వచ్చారు, ఏమీ ఎరగనట్టు. పెంచలయ్య కూడా ఏమీ అడగలేదు.

నన్ను తీసుకుపోయే రిక్షా బండి వచ్చిన రోజే, ఆటోలో కామాక్షమ్మ వచ్చింది. కాలు ఇంకా సరిగా ఆనక దిగలేదు. పెంచలయ్య అరచేతిలో చారెడు పొడి పోసుకుని తానే ఆటో దగ్గరికి పరుగెత్తాడు. ఆమె రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, రెండుసార్లు గట్టిగా వాసన పీల్చింది.

"నలగడం బాగానే నలిగింది," అంది చివరికి. "చికోరీ మాత్రం రవ్వంత ఎక్కువ కలిపినట్టుండావే."

సుధాకర్ కల్పించుకుని, "మేడం, అది మా కొత్త..." అనబోయాడు. పెంచలయ్య చెయ్యెత్తి అతన్ని ఆపాడు.

"ఎంత తగ్గించమంటారమ్మా?"

ఆమె ఆలోచనలో పడింది. నన్ను తాళ్లతో బిగించిన బండివాడు ఆటో అడ్డం తియ్యమని గంట కొట్టాడు.

"ఉండబ్బా, ఆమెని చెప్పనియ్," అన్నాడు పెంచలయ్య వెనక్కి తిరగకుండానే.

బండివాడు గొణుక్కుంటూ బీడీ వెలిగించుకున్నాడు. నేను ఎండలో ఆగాను. నాకేమీ తొందర లేదు.