మూడు మడతల చొక్కా

శనివారం ఆట అయిపోయిందంటే కరుణాకుమారికి పని మొదలైనట్టే. చెమటా ఎర్రదుమ్మూ పట్టిన పది చొక్కాలు వెదురుబుట్టలో పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి పడేవి. పదకొండోది హెబ్రోనుది. గ్రౌండు నుంచి వాడు అట్లాగే వాళ్ళ పాలెం వెళ్ళిపోయి, ఆదివారం ప్రార్థనకి గుడికి వచ్చినప్పుడు తెచ్చిచ్చేవాడు. చాకలికి వేద్దామంటే ఆమె భర్త సంజీవరావు ఒప్పుకోలేదు. ఉబ్బకి వేసి ఆవిరి పట్టిస్తే నీలం చారలు దిగిపోతాయట. "నువ్వైతే జాగర్తగా ఉతకతావు" అన్నాడు. నాలుగేళ్ళ కాపురంలో ఆయన నోట వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే. దాన్ని పట్టుకుని వేళ్ళు పగిలేదాకా ఉతికింది.

టీము జయరామయ్యగారి రైసుమిల్లుది. కుర్రాళ్ళకి మిల్లులో ఉద్యోగం అని పేరు, ఆడేది మాత్రం ఫుట్‌బాలు. మద్రాసు నుంచీ బెజవాడ నుంచీ కూడా ఆటగాళ్ళని జీతమిచ్చి తెచ్చేవాళ్ళు. ఎవర్ని తేవాలో ఎవర్ని సాగనంపాలో తేల్చేది కమిటీ. కమిటీ అంటే ఎంతమందో అనుకునేరు, జయరామయ్యగారూ, డ్రిల్లు మేష్టారైన సంజీవరావూ, అంతే. కూర్చునేది కరుణాకుమారి ఇంటి వరండాలో. డబ్బు జయరామయ్యది, కన్ను సంజీవరావుది అని కావలి ఊరంతా చెప్పుకునేది. ఆ కన్ను పెరట్లో బట్టలుతికే బండ దగ్గర ఉంటుందని ఎవరికీ తెలియదు.

ఆమెకి ఆ విద్య ఎవరూ నేర్పలేదు. ఉతకగా ఉతకగా తెలిసింది. బంతి మీదికి దూకేవాడి చొక్కాకి గుండెల మీద మట్టి. పక్కకి తప్పుకునేవాడికి భుజాన మాత్రం. పరుగెత్తినవాడి వీపున చెమట ఆరిపోయి ఉప్పు చారలు కడుతుంది. మద్రాసు నుంచి ఆర్భాటంగా తెచ్చిన జయకుమార్ చొక్కాకి కాలరు నిండా పౌడరు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. "ఆ అబ్బాయి ఆడటం లేదండీ" అని అన్నం వడ్డిస్తూ అన్నది. "గుడ్డలుతికేదానివి, నీకేం తెలుసు ఆట సంగతి" అన్నాడు సంజీవరావు. జయకుమార్ చలవతో సెమీఫైనల్లో చిత్తుగా ఓడిపోయి వచ్చాక మాత్రం ఆ మాటెత్తలేదు గానీ, ఆ తర్వాత ప్రతి కమిటీ ముందర రోజు, ఏదో వెతుక్కుంటున్నట్టు పెరట్లోకి రావడం మొదలుపెట్టాడు. "ఆ రైటు అవుటు వాడెట్టా ఉండాడు?" ఆమె చెప్పేది. మర్నాడు వరండాలో ఆ మాటే ఆయన గొంతులో వినిపించేది. "భలే కన్నయ్యా నీది" అని జయరామయ్య నవ్వేవాడు. లోపల కాఫీ కలుపుతూ వినేది. మాట తనది, పేరు ఆయనది. కోపం రావాలి కదా? రాలేదు. తన మాట ఒకటి ఆ ఇంటి గడప దాటి బయటికి పోతోందనే మురిసిపోయింది. అదే కొంప ముంచింది.

పోయిన వారం సంజీవరావు వచ్చి నిలబడ్డాడు. "మద్రాసు నుంచి కొత్త బ్యాకు వస్తా ఉండాడు. మనోళ్ళలో ఒక బ్యాకుని తీసెయ్యాల. ఎవురిని?"

గోలు ముందర కాసే బ్యాకుల్లో హెబ్రోను ఒకడు. ఆమె వాడి చొక్కా తలుచుకుంది. రెండు నెలలుగా ఆ చొక్కా ఇచ్చింది ఇచ్చినట్టే తిరిగొచ్చేది. మట్టి లేదు, ఉప్పు చార లేదు. ఆమె ఎప్పుడూ నాలుగు మడతలు పెట్టి ఇస్తుంది, అది మూడు మడతల్లో వచ్చేది. మడత వేరని చూసింది. చూసి కూడా ఆలోచించలేదు. ఒక్క నిమిషం ఆగి, "నాకు తెలియదండీ, కనుక్కుని చెప్తాను" అని ఉండొచ్చు. తెలియదంటే ఆయన మళ్ళీ అడగడేమో అన్న భయం. "హెబ్రోను పరిగెత్తడం లేదు" అనేసింది. మర్నాడు సంజీవరావు ఆ మాట చెప్పాడు, జయరామయ్య తలూపాడు, టీముతో పాటు హెబ్రోను మిల్లు పనీ పోయింది.

ఈ రోజు మధ్యాహ్నం హెబ్రోను తల్లి రెబెక్కమ్మ పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతిలో చొక్కా. మూడు మడతలు.

"తీసుకో మేష్టరమ్మా. ఇదే ఆఖరుది. టీము సొత్తు మా ఇంట్లో ఉండకూడదు గదా."

"ఉతికి తెచ్చావా అక్కా?"

"ఎప్పుడూ ఉతికే గదమ్మా పంపించేది! మేష్టరమ్మ అన్ని చొక్కాలూ ఒక్కతే ఉతకతా ఉండాది, చేతులు చూస్తే కడుపు తరుక్కుపోతాదని వాడే చెప్పినాడు. మనదన్నా తగ్గుద్దిలేరా అని నేనే జాడించి పంపించేదాన్ని." ఆగింది. "వాడు పరిగెత్తలేదన్నారంట. ఇంటికొచ్చి నొప్పులంటా నా చేత కాళ్ళు పిసికించుకోని రోజు లేదమ్మా. సోమవారం నించి ఉప్పు పండించే కొటార్లకి కూలికి పోతా ఉండాడు."

ఈ నాలుగేళ్ళలో ఒక్కళ్ళు, ఒకే ఒక్కళ్ళు, ఆమె చేతుల గురించి ఆలోచించారు. ఆ చేతులతోనే వాళ్ళ అన్నంలో మన్ను పోసింది. రెబెక్కమ్మ వెళ్ళిపోయాక బండ మీద కూలబడి ఏడ్చింది. మొగుడు తనని గుడ్డలుతికేదానివన్నాడు. తనేం చేసింది? ఇంకొక ఆడది చేసిన చాకిరీ కళ్ళెదుట మూడు మడతల్లో కనిపిస్తుంటే దాన్ని చాకిరీ అనుకోలేకపోయింది. తన కష్టం ఎవరికీ కనపడదని అంతగా కుమిలిన మనిషికి పక్కదాని కష్టం కనపడలేదు.

నాలుగింటికి సంజీవరావు రాగానే సంగతంతా చెప్పింది. పట్నానికి పంపాల్సిన ఆటగాళ్ళ జాబితా మీద ఆ సాయంత్రమే కమిటీ సంతకాలు. అందులో హెబ్రోను పేరు లేదు.

"నాది పొరపాటండీ. హెబ్రోనుని మళ్ళీ తీసుకోమని చెప్పండి."

"ఎట్టా చెప్పేది? వారం తిరక్క ముందే మాట మారిస్తే నా కన్ను పోయిందంటారు. ఒకడు పోతే ఏమవుద్ది? నువ్వు కాఫీ సంగతి చూడు."

కన్ను ఆయనదేనని ఆయన నిజంగానే నమ్ముతున్నాడని ఆమెకి అప్పుడు అర్థమైంది. నమ్మనిచ్చింది తనే.

వరండాలో జయరామయ్య కాగితం మీదకి వంగి కలం మూత తీస్తున్నాడు. కరుణాకుమారి కాఫీ లేకుండా వచ్చింది. ఆ చొక్కా బల్ల మీద, ఆ కాగితం మీదే పెట్టింది.

"అయ్యా, హెబ్రోను పరిగెత్తడని చెప్పింది ఈయన కాదు, నేను. జయకుమార్ ఆడటం లేదన్నదీ నేనే. మూడేళ్ళుగా మీరు విన్న మాటలన్నీ నావి. ఈ ఒక్కటి తప్పు. ఆ చొక్కా వాళ్ళమ్మ ఉతికి పంపింది, మట్టి లేకపోయేసరికి నేను వాడు ఆడలేదనుకున్నాను."

"కరుణా, లోపలికి పో!" సంజీవరావు ముఖం కందిపోయింది.

జయరామయ్య ఒకసారి చొక్కాని, ఒకసారి ఆయన్ని, ఆమెని చూశాడు. నవ్వబోయి మానుకున్నాడు. "అన్నీ నువ్వే చెప్పినావా? మరి నువ్వు ఏ ఆట చూసి చెప్పినావమ్మా?"

మేష్టారి భార్య గ్రౌండుకొస్తే బావుండదని కాపురానికి వచ్చిన కొత్తలోనే సంజీవరావు చెప్పాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

"ఒక్కటి కూడా చూడలేదండీ" అన్నది కరుణాకుమారి. "శనివారం ఆ పిల్లాణ్ణి ఆటలోకి దించండి. నేను వచ్చి కూర్చుని చూస్తాను."