రెండో గంట మాస్టారి గుప్త సమీక్షకుడు

మొదటి వ్యాఖ్య చదివి చరిత్ర లెక్చరర్ నవ్వుకున్నాడు. రెండోది చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మూడోది చదివాక లేచి స్టాఫ్ రూమ్ తలుపు గడియ పెట్టాడు.

"ఈ అధ్యాపకుడు ఎదుటివాళ్లను మాట పూర్తి చేయనివ్వడు. క్లాసులోనే కాదు, నిద్రలో కూడా పాఠం చెబుతాడు. నిన్న కూడా చెప్పాడు."

నిన్న! తన నిద్ర సంగతి వీడికెలా తెలుసు?

ఆ ఏడు నుంచి కాలేజీలో ప్రమోషన్‌కి ఈ-పోర్ట్‌ఫోలియో తప్పనిసరి చేశారు. ఎవరికి వాళ్లు తమ పాఠాల వీడియోలు పెట్టి, ఎక్కడ తడబడ్డారో, ఏం నేర్చుకున్నారో కంప్యూటర్లో రాసుకోవాలి. దాన్ని పేరు తెలియని మరో లెక్చరర్ చదివి వ్యాఖ్యలు రాసి, చివర 'తృప్తికరం' అని టిక్కు కొట్టాలి. శుక్రవారం సాయంత్రం ఐదులోగా టిక్కు పడకపోతే అతని సీనియర్ లెక్చరర్ పదవి హుళక్కే.

విద్యార్థులు అతనికి పెట్టిన పేరు 'రెండో గంట'. మొదటి గంటలో మొదలెట్టిన పాఠం రెండో గంటలో ఇంకొకరి పాఠాన్ని కూడా మింగేస్తుంది మరి.

తన వంతుకు వచ్చిన పోర్ట్‌ఫోలియో పని అతను ఎప్పుడో తేల్చేశాడు. "ఎవరిదో ఏమో, తెరవకుండానే 'లోతు లేదు, మళ్లీ రాయండి' అని పడేశా. అలా అంటే ఎంతటివాడైనా జడుస్తాడు," అని భార్య దగ్గర గొప్పలు కూడా పోయాడు. ఆమె అదే కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతుంది. తరుగుతున్న ఉల్లిపాయ మీద కత్తి కాస్త గట్టిగా పడింది.

మర్నాడు నాలుగో వ్యాఖ్య దిగింది.

"అద్దం ముందు నిలబడి తనకు తానే చప్పట్లు కొట్టుకుంటాడు. ఆత్మపరిశీలన అంటే అది కాదు."

ఇంటికి పరుగెత్తి బాత్రూమ్ కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టాడు. స్టూలెక్కి బల్బు విప్పాడు.

"ఏం చేస్తున్నారండీ అక్కడ?" అంది భార్య.

"కెమెరా వెతుకుతున్నా."

"దొరికితే చెప్పండి. మన పెళ్లి ఫొటోలు ఎలాగూ సరిగ్గా రాలేదు."

అనుమానితులు ఇద్దరు. పక్క సీటు బోటనీ లెక్చరర్ ఒకడు. పై వాటాలో ఉంటూ, కాలేజీ వాళ్లతో క్యారమ్స్ ఆడుతూ కబుర్లు మోసే బావమరిది రెండోవాడు. వల పన్నాలి. ఒక్కొక్కరికీ ఒక్కో అబద్ధం చెప్పాలి. ఏ అబద్ధం వ్యాఖ్యగా తిరిగొస్తే వాడే దొంగ!

"ఎవరికీ చెప్పకండి సార్," అన్నాడు బోటనీతో. "రేపట్నుంచి కూర్చునే పాఠం చెబుతా."

"మీ కాళ్లకి మంచిదే సార్. మా చెవుల సంగతేంటి?"

తర్వాత పై వాటాకి వెళ్లాడు. "ఒరేయ్, విగ్గు కొంటున్నా."

"పైన సరే బావా, లోపలి ఖాళీకేం పెడతావ్?"

మూడో అబద్ధం ఒకటి తయారుచేసుకున్నాడు గానీ దానికి మనిషి దొరకలేదు. వృథా చేయడమెందుకని, బట్టలు మడతపెడుతున్న భార్య చెవిన వేశాడు. "యుద్ధాల పాఠాలన్నీ పాటలు కట్టి పాడదామనుకుంటున్నా."

"అలాగే," అందామె, చొక్కా కాలర్ సరిచేస్తూ.

శుక్రవారం మధ్యాహ్నం ఐదో వ్యాఖ్య వచ్చింది. గబుక్కున తెరిచాడు.

"యుద్ధాలను పాడే ఆలోచన తక్షణం మానుకోవాలి. గొంతు సహకరించదు. పై వాటావాళ్లు ఇల్లు ఖాళీ చేస్తారు."

లేచి వరండా పొడవునా పరుగు తీసి స్టాటిస్టిక్స్ గదిలో పడ్డాడు. భార్య ల్యాప్‌టాప్ ముందు తీరిగ్గా కూర్చుని ఉంది.

"నువ్వా!"

"లోతు లేదా?" అందామె తలెత్తకుండా.

"ఏంటి?"

"కంప్యూటర్ మనల్ని జత కలిపింది. మీది నాకు, నాది మీకు. పేరు దాచారు, వీడియోలో బోర్డు తప్ప మొహం కనబడదు. కానీ గొంతు నాదే కదండీ! ఒక్కసారి తెరిస్తే తెలిసిపోయేది."

"అసలు నేనేం..."

"మాట పూర్తి చేయనివ్వండి."

నోరు మూసుకున్నాడు. గోడ గడియారం నాలుగున్నర దాటబోతోంది.

"టిక్కు కొట్టవే, తల్లీ!"

"కొడతా. ముందు నా వీడియో మొత్తం చూడండి, నోరు మెదపకుండా. మీరు మారారనడానికి అదే సాక్ష్యం. సరిగ్గా ఐదుకి అయిపోతుంది."

వీడియో మొదలైంది. కాసేపటికే అతని చూపుడువేలు దానంతటదే లేచింది. ఆమె చెయ్యి మౌస్ మీంచి పక్కకి జరిగింది. అతను గబగబా చేతిరుమాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు.

బోటనీ లెక్చరర్ తలుపు సందులోంచి తొంగిచూశాడు. "మేడమ్, ఈ రుమాలు ఎక్కడ కొన్నారు? స్టాఫ్ రూమ్‌కి ఒకటి కావాలి."

వీడియోలో ఆమె గొంతు చెబుతోంది: "ఒక ఇంట్లో ఇద్దరున్నారు. గంటసేపు మాటలు నడిచాయి. సగటున చెరో అరగంట. నిజానికి గంటా ఒక్కరే మాట్లాడారు. అందుకే సగటును గుడ్డిగా నమ్మకండి." క్లాసంతా గొల్లుమంది. రుమాలు వెనక అతని ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు!

వీడియో ఆగింది. అతను తన ఫోన్ తీసి ఆమె పోర్ట్‌ఫోలియోకి టిక్కు కొట్టాడు. ఆమె మౌస్ నొక్కింది. గోడ మీద ముల్లు టక్కుమని ఐదు మీదికి గెంతింది.

అతను నోట్లోంచి రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒక్క మాట అనొచ్చా?"

"ఒక్కటే."

"లోతుంది."

ఆమె మొదటిసారి నవ్వింది. కొత్త సీనియర్ లెక్చరర్ ఊపిరి పీల్చుకున్నాడు. "కాకపోతే ఆ సగటు ఉదాహరణ చరిత్రలోంచి తీసుకుని, ముందు రాజవంశాల దగ్గర్నుంచి మొదలుపెడితే..."

ఆమె రుమాలు మడతపెట్టి అతని చేతికి అందించింది.