నడిచే మెషిన్

"ఇదిగో, నీ మెషిన్ మళ్ళీ షికారుకి బయల్దేరింది!" అత్తగారు కేకేసింది.

కోడలు దువ్వెన పడేసి పరుగెత్తింది. బట్టలు పిండేటప్పుడు ఆ వాషింగ్ మెషిన్ దడదడలాడుతూ గుమ్మం దాకా వచ్చేస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. హాల్లోంచి మొగుడి నవ్వు. "పేరుకి సైంటిస్టు! అణువుల్ని కొలుస్తుందట, మెషిన్ని ఓ చోట నిలబెట్టలేదు." బట్టలు ఇంటిల్లిపాదివీ, మెషిన్ మాత్రం తనది! ఎప్పట్నుంచి? అరచేతుల్లోంచి భుజాల దాకా వణుకు పాకుతుంటే, చటుక్కున ఆమెకు ల్యాబ్‌లోని పంపు గుర్తొచ్చింది.

ఎలక్ట్రాన్‌కి బదులు బరువైన మ్యూయాన్ అనే కణం తిరిగే వింత అణువులు వదిలే ఎక్స్‌రేలని కొలవడానికి ఆమె ఒక డిటెక్టర్ తయారుచేసింది. దాన్ని గడ్డకట్టే చలిలో ఉంచేది ఆ పంపే. పరీక్షలో తెరమీద సూదిలా నిలబడాల్సిన గీత, వారమంతా గుమ్మడికాయలా ఉబ్బి కనిపిస్తోంది. మర్నాడు డిటెక్టర్ విదేశంలో జరిగే ప్రయోగానికి బయల్దేరాలి.

ఆమె ల్యాబ్‌కి వెళ్ళేసరికి ల్యాబ్ హెడ్ అయిన పెద్దాయన పాత డిటెక్టర్ని పెట్టెలో సర్దిస్తున్నాడు.

"నీది చెడిపోయిందమ్మా. పాతదే పంపుదాం."

"ఒక్క నిమిషం ఆగండి సార్."

పంపు ఆపేసింది. చలి కాసేపు నిలుస్తుంది, అది చాలు. తెరమీద గీత సన్నబడింది. సూదిలా నిలబడింది. పంపు వేసింది. మళ్ళీ గుమ్మడికాయ!

"డిటెక్టర్ బంగారం సార్. పంపు వణికిస్తోంది."

సాయంత్రానికల్లా పంపు కింద దళసరి రబ్బరు దిమ్మలు చేరాయి. పంపు తిరుగుతూనే ఉంది, గీత కదల్లేదు.

"శభాష్!" అన్నాడు పెద్దాయన. "దీన్నే పంపుదాం. వెంట మన కుర్రాళ్ళెవరైనా వెళ్తారు. నెల్రోజుల పని, నీకు ఇల్లుంది కదా."

"మీకూ ఉంది కదా సార్, ఇల్లు. మీరెన్నిసార్లు వెళ్ళలేదు?"

పెద్దాయన నోరు తెరిచాడు. అంతలో ఆమె ఫోన్ మోగింది. మొగుడు.

"ఎక్కడున్నావ్? నీ మెషిన్ గుమ్మం దాటేసింది!"

"దాని కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టండి," అందామె, డిటెక్టర్ పెట్టె మీద తన పేరు అంటిస్తూ. "రేపట్నుంచి నేనూ గుమ్మం దాటుతున్నా. నెల్రోజుల దాకా రాను."