సగం చాయ్

గోవర్ధన్ అబద్ధం చెప్పలేదు. రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతారని డైటీషియన్ మనీషా మొదటిరోజు అడిగితే రెండన్నాడు. అంతకు మించి అతను తన కోసం ఎప్పుడూ అడిగింది లేదు.

అప్పుడే డాక్టర్ మూడు నెలల గడువు పెట్టాడు. సగటు షుగర్ ఎనిమిదిన్నర ఉంది, ఏడున్నరకు దిగకపోతే ఇన్సులిన్ మొదలుపెడదాం అన్నాడు. వాళ్లు చెప్పినవన్నీ గోవర్ధన్ చేశాడు. సగం పళ్లెం కూరలు, పావు పళ్లెం అన్నం, రాత్రికి జొన్నరొట్టె. తిన్నాక ఎయిర్‌పోర్ట్ పార్కింగులో తన క్యాబ్ చుట్టూ పావుగంట నడిచాడు. మాత్ర ఒక్కటీ మరవలేదు. ఈరోజు రిపోర్టు చూస్తే ఎనిమిది పాయింట్ మూడు.

మనీషా కోప్పడలేదు. తిండి సంగతి పక్కనపెట్టి, నిన్న పొద్దుటి నుంచి ఎక్కడ ఉన్నారో, ఎవరితో మాట్లాడారో చెప్పమంది. అతను చెప్పుకుంటూ పోయాడు. ఆరింటికి పార్కింగుకు చేరేసరికి క్యూలో ముందు నూట పది బండ్లు. తోటి డ్రైవర్ అనంతయ్య బద్రుద్దీన్ చాయ్ బండి దగ్గర నిలబడి వన్ బై టూ చెప్పాడు.

"ఆ రెండో సగం ఎవరు తాగారు?"

"నేనే మేడం. గని అది అనంతయ్య చాయ్."

ఆమె పెన్ను ఆగింది. షాద్‌నగర్ ట్రిప్పు నుంచి తిరిగొచ్చాక లక్ష్మణ్ చాయ్‌లో సగం. ఎండ ఎక్కాక ఇంకొకరిది. తవ్వుతూ పోతే అతని రెండు చాయ్‌లు కాక ఏడు సగాలు తేలాయి. పార్కింగులో ఒక్కడికే చాయ్ చెప్పుకునేవాడు ఉండడు. చెప్పినవాడిది చాయ్, పిలిచినందుకు పక్కవాడు పంచుకుంటాడు. తన చేతిలో ఉన్నది వాళ్ల మర్యాద అనుకున్నాడే గాని, అందులోని చక్కెర తన ఒంట్లోకి చేరుతుందని గోవర్ధన్‌కు నిజంగానే తోచలేదు.

"ఎవరు పిలిచారో రక్తానికి తెలియదు గోవర్ధన్ గారూ," అని ఆమె నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది.

చాయ్ మానక్కర్లేదు, చక్కెర లేకుండా తాగండి, రోజుకు రెండు మూడు సగాలు చాలు అంది. డాక్టర్‌తో మాట్లాడి ఇంకో మూడు నెలలు ఇప్పించింది.

తిరిగి వస్తూ అతను ఆలోచించాడు. బద్రుద్దీన్ గిన్నెలో చాయ్ చక్కెరతోనే కాగుతుంది. ఒక్కడి కోసం వేరే కాచినా దాన్ని పంచుకునేదెవరు? కిరాయి గదిలో ఒక్కడే తింటాడు, ఒక్కడే పడుకుంటాడు. తన పక్కన ఇంకో మనిషి ఉన్నాడని రోజులో తెలిసేది ఆ సగం కప్పుల దగ్గరే. తనకు షుగర్ ఉందని మూడేళ్లుగా ఎవరికీ ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. ఒంటరిగా పట్టుకుని నిలబడే నిండు కప్పు కళ్ల ముందు కనిపించింది.

బండి దగ్గర అనంతయ్య అలవాటుగా రెండు వేళ్లు చూపించాడు. గోవర్ధన్ అతని చెయ్యి దించాడు.

"నాకు చక్కెర వద్దు బద్రుద్దీన్ భాయ్. షుగర్ ఉంది. మూడేండ్లాయె."

బద్రుద్దీన్ గరిటె వైపు చూసుకున్నాడు. "మూడేండ్ల సంది నా చేతుల చక్కెర తాగుతున్నవా? జర ముందుగాల చెప్తే నీదేం పోతుండె అన్నా?"

ఇంకేం అనకుండా చిన్న గిన్నె కడిగి పాలు పోశాడు. అల్లం దంచి వేశాడు. గోవర్ధన్ కప్పు కోసం చెయ్యి చాచాడు.

"సగం నాకు పొయ్యి," అన్నాడు అనంతయ్య.

"నీకు షుగర్ లేదు గద కాకా?" అని లక్ష్మణ్ కిసుక్కుమన్నాడు.

"లేదు. గోవర్ధన్ తమ్మికి నిండు కప్పు అలవాటు లేదు గద."

ఒక గుక్క తాగి అనంతయ్య మొహం ముడుచుకున్నాడు. "గిదేంది, కషాయం లెక్కుంది. రేపు గూడ గిదేనా?"

"గిదే."

"ఇగ తప్పుతదా," అని మిగిలింది ఊదుకుంటూ తాగాడు.

గోవర్ధన్ ఫోన్ మోగింది. బేరం అత్తాపూర్‌కు. కారు వైపు నడుస్తూ అతను లెక్కపెట్టుకున్నాడు. పొద్దున ఆసుపత్రికి పోకముందు రెండు, ఇది మూడో సగం. ఎవరు పిలిచినా మూడూ తనవే.