అడగకుండా తీసుకున్నది

తుఫాను పట్టిన రోజున కొండ మీదికి సైకిల్ రేసు పెట్టినవాళ్లకు బుద్ధి లేదనుకుందాం. మరి ఆ రేసు చూడటానికి హుకుంపేట అవతలి కొండ ఊరి నుంచి, అదే వానలో, బ్రేకులు సరిగా పడని పాత సైకిల్ మీద బయల్దేరిన సోనికి ఏముందనాలి? వాళ్లమ్మ కూడా అదే అడిగింది. చేతిలో చీపురు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడి మరీ అడిగింది.

"మతి పోనాదేటే గుంటా? డిసెంబరు సలి, పైన ముసురు. బస్సే రాలేదు, నువ్వెలాగెల్తావు?"

"బస్సు రాలేదనే సైకిలేసుకెల్తన్నాను."

"ఆళ్లు జీతాలు తీసుకుని తొక్కుతున్నారు. నీకెవుడిత్తాడు?"

"అక్కడ నా నేస్తం తొక్కుతంది," అంది సోని.

తల్లి గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది. చీపురు మూల పెట్టి, ఉడికించిన పెండలం దుంపలు అడ్డాకుల్లో చుట్టి, చిన్న సీసాలో తేనె పోసి, సంచిలో సర్ది ఇచ్చింది. నేస్తం దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకూడదు.

మైదానం వాళ్లు నేస్తం అంటే స్నేహితురాలే కదా అనుకుంటారు. ఆ కొండల్లో నేస్తరికం దానంతటది కలిసేది కాదు, కట్టుకునేది. పెద్దల ఎదుట ఒకరికొకరు కొత్తబట్ట పెట్టి, ఒకే ఆకులో తిని, ఒకరి నోటికొకరు ముద్ద అందించి కట్టుకుంటారు. పెళ్లి పెటాకులైనా సర్దుకుంటారు గాని నేస్తరికం చెడిందంటే ఊరు తలదించుకుంటుంది. దానికున్న గట్టి కట్టుబాటు ఒకటే. నేస్తం నోరు తెరిచి అడిగితే లేదనకూడదు. సోని మేనమామ తన నేస్తం అడిగాడని అరకల పోటులో ఎద్దును విప్పి ఇచ్చేసి, ఆ ఏడు పొలాన్ని పారతో తవ్వుకున్నాడు. ఆయన పెళ్లాం వారం పాటు తిట్టిపోసింది గాని, ఎద్దును వెనక్కి తెమ్మని మాత్రం అనలేదు. అందుకే బుద్ధున్నవాళ్లు నేస్తాన్ని ఏదీ ఊరికే అడగరు.

సోని, రాజకుమారి గౌన్లు తొడిగే వయసులోనే నేస్తం కట్టుకున్నారు. ఇద్దరూ సైకిల్ నేర్చుకున్నది సోని తండ్రి మంగ్లు దగ్గర, ఇప్పుడు సోని ఎక్కిన ఈ సైకిల్ మీదే. రాజకుమారి తండ్రి డొంకరాయి డ్యాం దగ్గర పనులకని వెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ లోటు తెలియకుండా మంగ్లు ఇద్దరు గుంటల్నీ సమానంగా తిట్టేవాడు. సంతకు చింతపండు మోసి వచ్చాక, ఒకత్తిని ఎక్కించి, వెనక క్యారేజీ పట్టుకుని పరిగెత్తుతూ, "దిక్కులు సూడకే, రోడ్డు సూడు!" అని అరిచేవాడు.

రాజకుమారి రోడ్డు బాగానే చూసింది. పాడేరు హాస్టల్లో చదువుతుండగా ఆటల పోటీల్లో ఎవరి కంటనో పడి హైదరాబాదు వెళ్లింది. అక్కణ్ణుంచి ఒక సైకిళ్ల కంపెనీ జట్టులో చేరింది. నెలనెలా జీతం, తిండి, బట్టలు, కాళ్లు నొప్పెడితే పిసకడానికి ఓ మనిషి. సైకిల్ తొక్కినందుకు! ఊళ్లో ముసలివాళ్లు ఈ మాట నమ్మడానికి చాలా కాలం పట్టింది. సోనికి అసూయ కలగలేదంటే అబద్ధం. కలిగింది, ఓ పూట ఉండి పోయింది. ఆ తరవాత కాఫీ తోటలో పళ్లు కోస్తూ పక్క వరస వాళ్లందరికీ నేస్తం గొప్పలు చెప్పి విసిగించింది.

విశాఖపట్నం నుంచి అరకు దాకా ఆడవాళ్ల రేసు ఉందనీ, అందులో రాజకుమారి ఉందనీ కొట్టు దగ్గర ఎవరో పేపరు చూసి చెప్పారు. రాజకుమారి మాత్రం కబురు చెయ్యలేదు. తీరిక దొరకలేదు కాబోలు అనుకుంది సోని. ఎదుటివాళ్ల కోసం సాకులు వెతికిపెట్టడంలో ఆమెది పెద్ద చెయ్యి.

ఎరువుల సంచిని వాన గూడలా మడిచి నెత్తిన వేసుకుని, సోని తొక్కింది. వాన సన్నగా, వదలకుండా, సూదుల్లా పడుతోంది. ఊరు దాటగానే గెడ్డ, కొండవాగు. దాని మీద ఇప్పుడు కల్వర్టు ఉంది. అప్పుడు లేదు.

అప్పుడంటే, మంగ్లుకు జ్వరం మెదడుకెక్కిన ఏడు. ఊళ్లోని నర్సమ్మ దగ్గర మందు అయిపోతే, హుకుంపేట నుంచి తేవడానికి సోని ఈ సైకిలే వేసుకుని వెళ్లింది. మందు తెచ్చింది కూడా. తిరిగొచ్చేసరికి గెడ్డ పొంగింది. అంత నీళ్లు చూసేసరికి కాళ్లు ఆడలేదు. మందు ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చుండిపోయింది, ఏడుస్తూ, చాలాసేపు. చివరికి సైకిల్‌ను భుజానికెత్తుకుని దాటింది. ఇంటికి చేరేసరికి తండ్రి పోయాడు. ముందొచ్చినా బతికేవాడు కాదని నర్సమ్మ చెప్పింది. సోని నమ్మలేదు, ఇప్పటికీ నమ్మదు. పొంగిన గెడ్డ దాటిన సోని ఊరందరికీ తెలుసు. ఒడ్డున కూర్చుండిపోయిన సోని ఒక్క రాజకుమారికే తెలుసు. తల్లికి కూడా చెప్పని మాట అది. నేస్తం భుజం మీద మొహం పెట్టి, వెక్కుతూ చెప్పింది.

కల్వర్టు దాటేటప్పుడు సోని ఎప్పుడూ కిందికి చూడదు. ఆ రోజూ చూడలేదు.

పూతతో పచ్చగా ఉండాల్సిన వలిసె చేలు వానకు నేలకరిచాయి. దిగుళ్లలో బ్రేకు పట్టక, చెప్పు తీసేసి అరికాలు టైరుకు ఆనించింది. దుంబ్రిగుడ దగ్గర చైను ఊడితే, వేళ్లు మొద్దుబారి, ఎంతకీ ఎక్కించలేకపోయింది. వేళ్లను నోట్లో పెట్టుకుని వెచ్చబెట్టుకుంటూ ఎక్కించింది. ఇన్ని తిప్పలూ ఎందుకంటే, గీత దాటే వేళకు గొంతు చించుకుని "నేస్తం!" అని ఒక్క కేక పెట్టాలి. రాజకుమారి తల తిప్పి చూడాలి. అంతకు మించి ఆమెకేమీ అక్కర్లేదు.

అరకు చేరేసరికి మంచు ఎంత దట్టంగా ఉందంటే, రోడ్డుకు ఆ పక్కన ఉన్న షామియానా ఈ పక్కకు కనబడటం లేదు. మైకు మాత్రం వినబడుతోంది. అప్పలనరసమ్మ టీ హోటల్ చూరు కింద సోని సైకిల్ ఆపింది. అప్పలనరసమ్మ విజయనగరం దిక్కు నుంచి వచ్చి అరకులో స్థిరపడిన మనిషి. నోరు పెద్దది, పొయ్యి అంతకంటే పెద్దది.

"ఎక్కడినుంచే తల్లీ ఇలాగ తడిసి ముద్దయి వచ్చినావు?"

"హుకుంపేట అవతలినుంచమ్మా."

"సైకిలు మీదా? ఓలమ్మో! పొయ్యి కాడకి రా, బేగి. సచ్చిపోతావు."

టీ తాగుతూ సోని చెప్పకుండా ఉండలేకపోయింది. "రేసులో రాజకుమారి అని ఉంది సూడండి, ఆవిడ నా నేస్తం."

"అలాగా! అయితే మరి టీకి డబ్బులొద్దులే," అంది అప్పలనరసమ్మ, తనకేదో చుట్టరికం కలిసినట్టు.

రేసంటే ఎదురుచూపే. మైకాయన జనం జారిపోకుండా కథలు చెబుతున్నాడు. ఒక అమ్మాయి పాలు అమ్మేదట, ఇంకొకామె కుస్తీ పట్టేదట. అప్పుడు ఆయన గొంతు పెంచాడు.

"ఇక మన బిడ్డ! ఈ మన్యం మట్టిలో పుట్టిన మాణిక్యం, రాజకుమారి! వీళ్ల ఊళ్లో ఒక పసిపిల్ల సైకిలు ఎందుకు తొక్కిందో తెలుసా? తండ్రికి ప్రాణం మీదికొస్తే, మందు తేవడానికి! ఆ పాత సైకిలే, ఆ జోరు వానే…"

సోని గ్లాసు కింద పెట్టింది. నా సంగతి చెప్పింది! అంత పెద్ద ఊరెళ్లినా, అంతమంది మధ్యకెళ్లినా నా నేస్తం నన్ను మరవలేదు, నా గురించి చెప్పింది! కళ్లు తుడుచుకుని అప్పలనరసమ్మ కేసి తిరిగింది. "అది నానే…" అనబోయింది.

"తిరిగొస్తుంటే గెడ్డ పొంగింది. ఆ పసిపిల్ల భయంతో ఒడ్డున కూర్చుండిపోయింది. మందు ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చిందో! కానీ లేచింది! సైకిలు భుజాన వేసుకుని దాటింది! ఎవరా వీరబాల? మన రాజకుమారి! ఆ మందుతో బతికిన తండ్రి ఇవాళ ఇంటి దగ్గర కూర్చుని, కూతురి గెలుపు కోసం ఎదురుచూస్తున్నాడు! చప్పట్లు!"

చప్పట్లు కొట్టారు. అప్పలనరసమ్మ కూడా గరిటె వదిలేసి కొట్టింది. "ఎంత గుండె ధైర్యమే మీ నేస్తానిది!" అంది.

సోని లేచి చూరు అంచుకు వచ్చింది. గెడ్డ దాటిన సంగతి తీసుకున్నా ఇంత నొప్పి ఉండేది కాదేమో. ఒడ్డున కూర్చున్న సంగతి తీసుకుంది. చెవిలో వేసిన మాటను మైకులో వేయించింది. పైగా మంగ్లును బతికించింది! తాను మోయలేక మోస్తున్న చావును అవతలివాళ్లు ఇంత సుళువుగా మాపేశారు. అడిగుంటే ఇచ్చేదాన్ని కదా అనుకుంది. ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకుంది.

మంచులోంచి ముందు ఈల వినబడింది, తరవాత జీపు లైట్లు, ఆ వెనక తడి రోడ్డు మీద టైర్ల చప్పుడు. ఒక్కసారిగా అమ్మాయిలు ఊడిపడ్డారు. మొహాల నిండా బురద. మూడో మనిషి రాజకుమారి. ఆ వంగిన నడుము, పక్కకు వాలిన తల, మంగ్లు ఎంత తిట్టినా మానని ఆ వంకర. సోని వెంటనే ఆనవాలు పట్టింది. కేక మాత్రం పెట్టలేదు. రాజకుమారి గీత దాటి మంచులో కలిసిపోయింది. ఇంత దూరం తొక్కి వచ్చిన రేసు కన్ను మూసి తెరిచేలోగా అయిపోయింది.

అప్పలనరసమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఇంత దూరమొచ్చి సూడకుండా ఎల్తావేటి?" అని చెయ్యి పట్టుకుని షామియానా దాకా లాక్కెళ్లింది. అక్కడ సాహితి అనే టీవీ అమ్మాయి గొడుగు కింద మైకు పట్టుకుని రాజకుమారిని ఏదో అడుగుతోంది. "ఏమమ్మా, ఈ గుంట ఆవిడ నేస్తమంట! సైకిలు మీద వచ్చినాది!" అని అప్పలనరసమ్మ గట్టిగా అరిచింది.

కెమెరా ఇటు తిరిగింది. రాజకుమారీ తిరిగింది. బురద కింద మొహం తెల్లబోయింది.

"అరె, రాజకుమారి గారి ఊరి నుంచే వచ్చారా? ఇటు రండి, ఇటు రండి," అంది సాహితి సంబరంగా. కెమెరా అతనికి వాన తగలకుండా గొడుగు సర్దడానికి ఆమె పక్కకు తిరిగిన క్షణంలో రాజకుమారి వచ్చి సోనిని కావలించుకుంది.

"కంపెనీవోళ్లు అందరికీ ఓ కత కావాలన్నారు నేస్తం," అంది చెవిలో. "నాకేటుంది సెప్పుకోడానికి? ఒదిలేసి పోయినోడి కూతుర్ననా? మంగ్లు నాన్న నన్ను కూడా బిడ్డనే అనేవోడు కదా. ఇప్పుడు అబద్దమని తెలిత్తే నన్ను పంపించీత్తారు. ఆ కత నాకిచ్చీ. అడుగుతన్నాను నేస్తం, నోరు తెరిసి అడుగుతన్నాను."

అన్నీ వదిలేసి కొండ దిగిపోయిందనుకున్న మనిషి ఈ ఒక్క కట్టుబాటును మాత్రం మరిచిపోలేదు. అవసరానికి దాచుకుంది.

"చెప్పండి," అంటూ సాహితి మైకు సోని మూతి దగ్గర పెట్టింది. "రాజకుమారి గారి నాన్నగారి ఆరోగ్యం ఇప్పుడెలా ఉంది?"

సోని కెమెరాను చూడలేదు. బురదలో నానుతున్న తన కాళ్లను చూసుకుంది. నిజం చెబితే ఒక్క మాట. ఆ ఒక్క మాటకు నేస్తం అడిగింది లేదన్నట్టవుతుంది. మేనమామ ఎద్దు పోయింది గాని ఆయన మాట పోలేదు.

"బాగున్నాడు," అంది సోని. మైకు కదలకపోతే మళ్లీ చెప్పింది. "బాగున్నాడండి. ఇంటి కాడ నెగడు పెట్టుకుని కూకున్నాడు."

ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే కనబడ్డాడు, నెగడు దగ్గర, చేతులు కాచుకుంటూ. తండ్రి పోయిన రోజున కూడా ఆమెకు ఇంత అన్యాయం జరిగినట్టు అనిపించలేదు.

సాహితి ఎంతో సంతోషించి గెలిచిన అమ్మాయి దగ్గరికి వెళ్లింది. జనం అటు కదిలారు. అప్పలనరసమ్మ పొయ్యి గుర్తొచ్చి పరిగెత్తింది. ఇద్దరే మిగిలారు. సోని సంచిలోంచి అడ్డాకు పొట్లం, తేనె సీసా తీసి ఇచ్చింది. తెచ్చింది తిరిగి తీసుకెళ్లడం ఆమెకు చేతకాలేదు.

రాజకుమారి ఏడ్చేసింది. "నన్ను బతికించినావు నేస్తం. నీ రుణం ఎలా తీరుసుకోను? నువ్వూ అడుగు. ఏటి కావాలన్నా అడుగు, ఇత్తాను. ఈ సైకిలడిగినా ఇచ్చీత్తాను."

"ఏది అడిగినా?"

"ఏదైనా. లేదంటానేటి నీకు?"

సోని ఆమె మొహంలోకి చూసింది. అక్కడికొచ్చాక అదే మొదటిసారి.

"అయితే మన నేస్తరికం నాకిచ్చీ," అంది. "ఇంక నువ్వు నాకు నేస్తానివి కాదు, నాను నీకు కాదు. అడుగుతన్నాను."

"అదొక్కటి వద్దే," అంది రాజకుమారి. "ఇంకేటైనా అడుగు. అదొద్దు."

సోని చెయ్యి చాపి నిలబడింది. వాన ఆ అరచేతిలో పడుతోంది. రాజకుమారి తేనె సీసా గుండెకు అదుముకుని చాలాసేపు ఏడ్చి, చివరికి తల ఊపింది. నేస్తం అడిగితే లేదనడానికి ఆమెకూ వీల్లేదు.